చిన్నపిల్లలతో ఫ్యామిలీ రన్‌కి వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి
వచ్చే నెల ఒక ఫ్యామిలీ ఫన్ రన్‌కి మేం నలుగురం పేర్లు ఇచ్చాం, 3 కిలోమీటర్లు, టైమింగ్ చూడరు, నడిచినా పర్వాలేదన్నారు. బాబుకి ఆరేళ్లు, పాపకి రెండున్నర. పాప సంగతి కొంత తెలుసుకున్నాను: మామూలు స్ట్రోలర్‌తో పరిగెత్తకూడదు, పెద్ద చక్రాలున్న జాగింగ్ స్ట్రోలరే కావాలి, పరిగెత్తేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ తిరగకుండా లాక్ చేసి, పట్టీ చేతికి తగిలించుకోవాలి. అది స్నేహితురాలు ఇస్తానంది.

నా టెన్షన్ అంతా బాబు గురించే. విజిల్ వినగానే బాణంలా దూసుకెళ్తాడు, మొదటి మలుపు దాటేసరికి ముఖం ఎర్రగా కందిపోయి, "ఇంక నావల్ల కాదు" అని దారి మధ్యలోనే కూర్చుండిపోతాడు. పార్కులో ప్రతిసారీ ఇదే వరస. వెనక నుంచి జనం వస్తుంటే అలా కూర్చుంటే ఎలా? కాసేపు పరుగు, కాసేపు నడక అలవాటు చేద్దామంటే, నడవడమంటే ఓడిపోయినట్టే అనుకుంటున్నాడు. బలవంతంగా పరిగెత్తించడం నాకు అస్సలు ఇష్టం లేదు, వాడికి సరదా పోతే ఇంక వెళ్లడమే దండగ.

ఈ వయసు పిల్లల్ని మధ్యమధ్యలో నడవడానికి ఎలా ఒప్పించారు? స్ట్రోలర్‌తో అందరికంటే వెనక నిలబడటం మంచిదని తెలుసు, మరి బాబునీ నాతోనే ఉంచుకోవాలా, వాళ్ల నాన్నతో ముందు పంపాలా? విడిపోతే ఫినిష్ దగ్గర ఆ గుంపులో కలుసుకోవడం కష్టం కాదా? బిబ్ (చొక్కాకి పెట్టుకునే రన్ నంబర్ కాగితం) వెనక మా ఫోన్ నంబర్ రాస్తాను, ఇంకేమైనా జాగ్రత్తలు ఉంటే చెప్పండి.