ఫౌలింగ్‌ని తెలుగులో ఏమనాలి? "కాలుష్యం" మాత్రం కాదు

చెన్నై అంబత్తూరులో లోహపు పూతలు వేసే వర్క్‌షాపులో పని చేస్తున్నాను. చమురు బావుల దగ్గర వాడే గొట్టాలకి, వాల్వులకి లోపలివైపు నికెల్ పూత వేస్తాం. పనివాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళే, అందుకని ఈమధ్య గోడ మీద సూచనలు తెలుగులో కూడా పెట్టారు. అందులో ఇంగ్లీషు "యాంటీ-ఫౌలింగ్"కి "కాలుష్య నిరోధక పూత గల గొట్టము" అని ఉంది. ఒకబ్బాయి వచ్చి "అన్నా, ఇది పొగ రాకుండా వేసే పూతా?" అని అడిగాడు. ఆ మాట చదివితే ఎవరికైనా అదే తడుతుంది. అడిగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే పూత వేసిన గొట్టాన్ని ఇనప బ్రష్షుతో బరబరా రుద్దేసి ఉండేవాడు.

అసలు ఫౌలింగ్ అంటే పొగ కాదు, గొట్టం లోపల గోడకి పట్టి పేరుకునేది. ముడిచమురు పైకొస్తూ చల్లబడితే అందులో మైనం విడిపోయి గోడకి అంటుకుంటుంది. ఒత్తిడి తగ్గిన చోట, చమురుతో పాటు వచ్చే నీళ్ళలోంచి కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది, మన బోరు నీళ్ళకి గీజర్ రాడ్డు మీద తెల్లగా గట్టిపడేది ఇదే. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే అది ఉక్కులోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ పొర కడుతుంది, ఆ గరుకు దొరికితే ఆస్ఫాల్టీన్ల లాంటి నల్లటి బరువు సరుకంతా అక్కడే తిష్ఠ వేస్తుంది. నిలువునా కోసిన పాత గొట్టం ముక్క ఒకటి నా బల్ల మీద ఉంది, పైన నల్లటి జిడ్డు గోరుతో గీకితే వస్తుంది, దాని కింద పొర మాత్రం ఉలి పెట్టినా కదలదు. అందుకే పూత నున్నగా ఉండాలి, కింద ఇనుము ఎక్కడా బయటపడకూడదు.

ఇక మాట విషయం. పళ్ళకి గార, రాగికి చిలుము, ఇనుముకి తుప్పు, బండకి పాచి, గోడకి బూజు. పేర్లు వేరు, క్రియ ఒకటే: పట్టింది. ఫౌలింగ్‌కి ఒక్క నామవాచకం కోసం తెగ వెతికాం గానీ, తెలుగువాడు ఏది పట్టిందో దాని పేరు చెప్తాడు.

వ్యాఖ్య (కాకినాడ): పూతకి "కళాయి" అనండి. గిన్నెలకి కళాయి వేయించడం అందరికీ తెలుసుగా.

జవాబు: అన్నగారూ, మా కుర్రాళ్ళకి కళాయి అంటే కూర వండే బాణలి! పైగా కళాయి అంటే తగరమే. ఇత్తడి గిన్నెని కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో తుడిచే పని అది. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇక్కడ తమిళుల ఇళ్ళలో రసం కాచే ఈయ సొంబు ఉంటుంది చూడండి, అది తగరమే, అందుకే ఖాళీగా పొయ్యి మీద పెట్టనివ్వరు.

వ్యాఖ్య (తిరుపతి): మరి తాపడం?

జవాబు: మంచి మాటండీ, నాకూ ఇష్టం. కానీ ఆనంద నిలయానికి బంగారు తాపడం అన్నప్పుడు కళ్ళ ముందు రేకు కనిపిస్తుంది కదా. ఉక్కు మీద వేరే లోహపు రేకుని అతికించే పద్ధతి ఉంది, దాన్ని తాపడం అంటే అతికినట్టుంటుంది. మాది అలా కాదు, కరెంటు కూడా లేకుండా రసాయనాల తొట్టిలో ముంచితే నికెల్, ఫాస్ఫరస్ కలిసి దానంతటదే పేరుకుంటుంది, వంపుల్లో కూడా మందం ఒకేలా వస్తుంది. మామూలుగా 25 నుంచి 75 మైక్రాన్లు. దీనికి పూత అనే మాటే నయం.

వ్యాఖ్య (బెంగళూరు): మలాము అనకూడదా?

జవాబు: మలాము అంటే పైమెరుగు అనే అర్థం బలంగా ఉంది. ఇది మెరుపు కోసం వేసేది కాదు, ఆ మాట పెడితే గీత పడినా ఫర్వాలేదనుకుంటారు.

ఇప్పటికి రాసుకున్న వాక్యం ఇదీ: "ఈ గొట్టం లోపల మడ్డి, గార పట్టకుండా పూత వేశాం. ఇనప బ్రష్షు వాడొద్దు." ఆ అబ్బాయికి చూపిస్తే ఒక్కసారి చదివి బ్రష్షు పక్కన పెట్టాడు. "గార" దగ్గర మాత్రం ఆగి "పళ్ళ గారేనా?" అన్నాడు. ఉత్తరాంధ్ర వాళ్ళు చెప్పండి, నీళ్ళ బిందె లోపల తెల్లగా గట్టిపడే దాన్ని మీ ఇళ్ళలో ఏమంటారు? కొత్త బోర్డు అచ్చుకి ఇంకా వెళ్ళలేదు.