ఆటోమేటిక్ హోండా సిటీ కారుకు అలాయ్ క్రాంక్ పుల్లీ వేద్దామంటే బోల్టే వస్తలేదు, ఎట్ల?

పానగల్లు_పోరడు:
అన్నలకు నమస్తే. నాది 2011 సిటీ, 5 గేర్ల ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్ల తీస్కున్న. పొద్దుగాల స్టార్ట్ చేస్తే ముంగట నుంచి కర్ కర్ అని సౌండు వస్తుంది, ఏసీ వేస్తే ఇంకింత ఎక్కువైతది. తెల్సిన మెకానిక్ చూసి క్రాంక్ పుల్లీ (ఇంజను తిప్పే మెయిన్ షాఫ్టు, అంటే క్రాంక్, కొసకుండే బెల్టు చక్రం) ఊగుతుంది, మార్చాలె అన్నడు. ఎట్లాగు మార్చేదే కద అని నేను ఆన్‌లైన్ల అలాయ్‌ది (తేలిక లోహంది) తెప్పించిన, కిరాణా కొట్టు కాంటా మీద పెడితే 700 గ్రాములే ఉన్నది, పికప్ మస్తు వస్తది మైలేజ్ గూడ పెరుగుతది అని అమ్మినోడు రాసిండు. ఇగ నిన్న ఆదివారం బండి ఎత్తి, కుడి కాదు ఎడమ టైరు... ఏదో ఒకటి, పుల్లీ దిక్కు టైరు ఇప్పి కూసున్న. వీడియోల్ల ఏం చేస్తున్నరంటే 5వ గేర్ల వేసి ఒకడు బ్రేక్ తొక్కి పట్టుకుంటే ఇంకొకడు రాడ్డుతోని బోల్టు ఇప్పుతుండు. నేను గూడ పీ (పార్కింగ్) ల పెట్టి, హ్యాండ్ బ్రేక్ గుంజి, మా బామ్మర్దిని బ్రేక్ మీద నిలబెట్టిన. రాడ్డు తిప్పితే బోల్టుతోపాటు ఇంజనే తిరుగుతుంది! డి (డ్రైవ్) ల పెట్టి చూసిన, అదే కథ. గేర్‌బాక్స్ ఏమన్న ఖరాబ్ అయిందా? జర చెప్పుండ్రి.

పాలమూరు_పానా:
తమ్మీ, గేర్‌బాక్స్ మంచిగనే ఉన్నది, పరేషాన్ గాకు. నువ్వు చూసిన వీడియో మాన్యువల్ బండిది. అండ్ల ఇంజనుకు గేర్‌బాక్స్‌కు నడుమ క్లచ్ ప్లేటు గట్టిగ పట్టుకొని ఉంటది కాబట్టి గేర్ల వేసి టైరు ఆపితే క్రాంక్ గూడ ఆగుతది. నీ బండ్లె క్లచ్ జాగల టార్క్ కన్వర్టర్ ఉన్నది, అంటే ఇంజను ఒక రెక్కల చక్రాన్ని తిప్పితే అది ఆయిల్‌ను తోస్తది, ఆ ఆయిల్ పోయి ఎదురుంగ ఉన్న ఇంకో చక్రాన్ని తిప్పుతది. బండి ఆగి ఉన్నప్పుడు రెంటిని కలిపేది ఇనుము గాదు, ఆయిలే. సిగ్నల్ కాడ డి ల ఉంచి బ్రేక్ తొక్కితే బండి బంద్ గాదు సూడు, గందుకే. ఇగ పీ అంటవా, అది గేర్‌బాక్స్ బయటికొచ్చే షాఫ్టుకు కొక్కెం ఏస్తది, టైరు ఆగుతది గని క్రాంక్‌కు దాంతోని పనే లేదు.

ఇంకోటి, ఇంజనును ఉల్టా దిక్కు ఎక్కువ తిప్పకు, ఇంజను లోపలి చెయిన్‌ను బిగువుగ ఉంచే టెన్షనర్‌కు మంచిది గాదు.

నీ పుల్లీ మధ్యల ఆరు మూలల బొంద ఉంటది చూడు, అండ్ల కూసునే 50 మిల్లీమీటర్ల హోల్డర్ టూల్ దొరుకుతది. దాని నడుమ నుంచి సాకెట్ పోతది. హోల్డర్‌కు ఒక రాడ్డు తగిలించి కింద దేనికన్న ఆనిచ్చి, సాకెట్‌కు పొడుగు పైపు పెట్టి గుంజాలె. సికింద్రాబాద్ రాణిగంజ్‌ల అడుగు, లేకుంటే ఆన్‌లైన్ల తెప్పియ్యి.

స్పీడ్_చిట్యాల:
గింత లొల్లి ఎందుకన్న, ఇంపాక్ట్ గన్ (గుద్దుకుంట బోల్టు ఇప్పే మిషన్) పెడితే టర్ర్‌మని ఒక్క నిమిషంల వస్తది. గన్ లేకుంటే రాడ్డు నేలకు ఆనిచ్చి సెల్ఫ్ కొట్టు, బోల్టు అదే లూజ్ అయితది 😄

పాలమూరు_పానా:
ఇప్పుటానికి గన్ ఓకే, నేను గూడ అదే వాడ్త. సెల్ఫ్ కొట్టే ముచ్చట మాత్రం ఎవ్వరికి చెప్పకు. స్పార్క్ ఇచ్చే కాయిల్ కనెక్టర్లు, పెట్రోల్ పంపుకు కరెంటిచ్చే రిలే పీకకుంట కొడితే ఇంజను స్టార్ట్ అయితది, ఆ రాడ్డు ఎటు వోతదో ఎవని కాళ్లు ఇరగ్గొడ్తదో తెల్వదు. పాత హోండా ఇంజన్లు కొన్ని ఉల్టా దిక్కు తిరుగుతయి, వాటికి గిట్ల చేస్తే బోల్టు ఇంకింత బిగుస్తది. సరే, ఇప్పినవ్ అనుకో, మళ్ల బిగించుడెట్ల? అసలు పని అది. గన్‌తోని బిగిస్తే ఎంత బిగిసిందో దేవునికి తెల్వాలె. బోల్టు తక్కువ బిగిస్తే పుల్లీ కొంచెం కొంచెం ఆడి, లోపల పుల్లీ జారకుంట పట్టే చిన్న ఇనుప ముక్క (కీ) గాడి తిని, చివరికి క్రాంక్ ముక్కు, అంటే పుల్లీ కూసునే కొస, ఖరాబ్ అయితది. క్రాంక్ అంటే ఇంజను దింపాలె, 700 గ్రాముల పుల్లీకి అంత ఖర్చు ఎవడు పెడ్తడు. హోల్డర్ ఒక చేతికి, టార్క్ రెంచ్ (ఎంత బిగిసిందో చూపే పానా) ఇంకో చేతికి, నీ ఇంజను సర్వీస్ మాన్యువల్ల ఎంత రాసి ఉంటే అంత. ఉత్త అందాజకు చెప్తున్న, 200 న్యూటన్ మీటర్లు అంటే మీటరు పైపు కొసకు 20 కిలోల బియ్యం సంచి వేలాడదీసినట్టు. చేతి ఊహతోని అయ్యే పని గాదు.

మిర్యాలగూడ_మిల్లోడు:
బోల్టు ముచ్చట పానా అన్న చెప్పిండు, నేను పుల్లీ ముచ్చట చెప్త. రైస్ మిల్లుల షాఫ్టులు, పుల్లీలు చూసుడే నా పని. ఇద్దరు చెరొక కొస పట్టుకొని తడి దుప్పటి పిండుతరు సూడు, క్రాంక్ గూడ నడుస్తున్నప్పుడు గట్లనే మెలి తిరుగుతది, మళ్ల సదురుకుంటది. ఒక్కొక్క సిలిండర్ల మంట పడ్డప్పుడల్ల ఒక దెబ్బ. ఒక స్పీడు కాడ ఆ మెలికలు దాని సొంత ఊపుతోని కలిస్తే బగ్గ పెరుగుతయి. గా ఊపును మింగెటందుకే కంపెనీ పుల్లీల లోపలి బొడ్డుకు, బయటి రింగుకు నడుమ రబ్బర్ పెడ్తరు. అది ఉత్త బరువు గాదు తమ్మీ, మందు అసొంటిది.

అలాయ్‌ది ఒకటే ముద్ద, రబ్బర్ లేదు. కన్వర్టర్ బరువుంటది కద అది చూస్కోదా అని అడుగుతరు కొందరు. అది క్రాంక్‌కు ఎనుక కొసకు ఉంటది, ఊపు ఎక్కువుండేది ముంగటి కొసకు. ఆ బరువు వల్లనే ఇంకో ముచ్చట గూడ ఉన్నది, ఆయిల్ నిండిన కన్వర్టర్ తిరుగుతుంటే ముంగట చిన్న పుల్లీల ఒకటిన్నర కిలో తగ్గితే నీకేం పికప్ తెలుస్తది? కొన్ని ఇంజన్లకు కంపెనీయే ముద్ద పుల్లీ ఇస్తది, వాటికి ఈ గొడవ లేదు. నీ దాంట్ల రబ్బర్ ఉన్నదా లేదా ముందుగాల చూడు. ఉంటే బొడ్డు నుంచి రింగు దాక రబ్బర్ మీదికెంచి తెల్ల పెయింటుతోని ఒక గీత గియ్యి, వారం నడుపు. గీత తెగి పక్కకు జరిగితే రబ్బర్ విడిచినట్టే. అట్లనే కొత్త పుల్లీ సైజు కొలిచి చెప్పు.

పానగల్లు_పోరడు:
అన్నా రబ్బర్ ఉన్నది, ఒక దిక్కు పగుళ్లు గూడ కనిపిస్తున్నయి. పాతది దారం చుట్టి లెక్క తీస్తే 140 మిల్లీమీటర్లు అడ్డం, కొత్తది 120.

మిర్యాలగూడ_మిల్లోడు:
ఇగ అయిపాయె. చిన్న పుల్లీ అంటే బెల్టు మెల్లగ నడుస్తది. ఇంజను నిమిషానికి 700 చుట్ల మీద ఉంటే డైనమోకు, ఏసీకి, వాటర్ పంపుకు 600 మీద ఉన్నట్టు. మే నెల నల్లగొండ ఎండల, ఏసీ ఫుల్లు, సిగ్నల్ కాడ డి ల నిలబడ్డవ్ అనుకో. పైనుంచి నీది ఎలక్ట్రిక్ స్టీరింగ్, అది గూడ డైనమో కరెంటే తింటది. లైట్లు డిమ్ కావొచ్చు, ఏసీ సల్లదనం తగ్గొచ్చు. పాత బెల్టు గూడ పనికిరాదు, సుమారు 30 మిల్లీమీటర్లు పొట్టిది కావాలె.

కందనూరు_కారు:
నడుమల అడుగుతున్న, మాది ఏఎంటీ, దానికి గూడ ఇదే కథనా?

పాలమూరు_పానా:
కాదు. ఏఎంటీ లోపల మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కుడు మోటర్ చేస్తది అంతే. గేర్ల ఉంచి బంద్ చేస్తే క్లచ్ పట్టుకొనే ఉంటది. అయినా హోల్డర్ ఉంటేనే మంచిది.

పానగల్లు_పోరడు:
అప్‌డేట్: గీత రెండో రోజుకే అర ఇంచు జరిగింది, వారం దాక ఆగలే. అలాయ్‌ది వాపస్ పంపిన, కొరియర్ పైసలు నామీదనే పడ్డయి. రబ్బర్ ఉన్న ఒరిజినల్‌ది, కొత్త బోల్టు, బెల్టు తెచ్చిన, హోల్డర్ ఆన్‌లైన్ల వచ్చింది. ఇప్పేటప్పుడు పైపు మీద నేను, బామ్మర్ది ఇద్దరం ఏలాడితే టప్‌మని వచ్చింది, గుండె ఆగినంత పనైంది బోల్టు ఇరిగిందేమో అని. టార్క్ రెంచ్ పక్కింటి లారీ అన్న దగ్గర అడిగి తెచ్చి మాన్యువల్ల ఉన్నంత బిగించిన. కర్ కర్ పోయింది. ఏసీ వేసినప్పుడు మాత్రం ఒక్క సెకను కీచుమంటుంది, అదేంది అన్నా?

మిర్యాలగూడ_మిల్లోడు:
కొత్త బెల్టు, టెన్షన్ తక్కువున్నట్టుంది. 500 కిలోమీటర్లు తిరిగినంక ఒకసారి చూపియ్యి. పుల్లీ గాడిల గ్రీజు చెయ్యి గిట్ల తాకిందా?

పానగల్లు_పోరడు:
తాకింది అన్నా 🙈 రేపు తుడుస్త.