రెండు కంటైనర్ల మధ్య రేకుల కప్పు: ట్రస్సులను ఎక్కడ ఆనించాలి?

ప్రశ్న:
40 అడుగుల పాత కంటైనర్లు రెండింటిని 6 మీటర్ల ఎడంతో సమాంతరంగా పెట్టి, మధ్య స్థలం మీద ఉక్కు ట్రస్సులతో (కడ్డీలను త్రికోణాలుగా కలిపి చేసిన దూలాలతో) రేకుల కప్పు వేసి వర్క్‌షాపుగా వాడుకోవాలని ఉంది. ముందూ వెనకా గోడలు ఉండవు. 2 మీటర్లకు ఒకటి చొప్పున ట్రస్సులను కంటైనర్ పైఅంచు పైపుకే వెల్డింగ్ చేయవచ్చా, లేక బరువు మూల స్తంభాల మీదే పడాలా? లోపలి గోడల్లో 3 మీటర్ల ద్వారం ఒక్కొక్కటి కోయాలని కూడా అనుకుంటున్నాను. ఓడల్లో ఒకదానిపై ఒకటి పేర్చినా తట్టుకునే పెట్టెలకు ఈ రేకుల బరువు ఒక లెక్కా అనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
ఓడల్లో పేర్చినప్పుడు పై కంటైనర్ల బరువంతా మూలల్లోని పోత దిమ్మల గుండా నాలుగు స్తంభాల్లోకే దిగుతుంది కాబట్టి, ఆ బలాన్ని చూసి కప్పు రేకునూ అంచు పైపునూ అంచనా వేయకూడదు. కప్పు రేకు మందం దాదాపు 2 మిల్లీమీటర్లే. దాని మీద దేన్నీ ఆనించకండి. అంచు పైపు సాధారణంగా 60 మిల్లీమీటర్ల చదరపు గొట్టం. విడిగా చూస్తే అది బలహీనమే అయినా, కింద మడతల గోడ నిలువునా అతుక్కుని ఉన్నంతకాలం ట్రస్సుల బరువును మోయగలదు. అందుకే నాకు ట్రస్సులకన్నా మీ ద్వారాల గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. ట్రస్సుల మధ్య దూరం 2 మీటర్లు, ద్వారం 3 మీటర్లు అంటే, కనీసం ఒక ట్రస్సు ఆ ఖాళీ మీదే పడుతుంది. ద్వారాన్ని రెండు ట్రస్సుల మధ్య ఇమిడేలా తగ్గించండి; తగ్గించలేకపోతే గోడ కోయకముందే చుట్టూ గట్టి చట్రం బిగించి, దాని కాళ్ల కింద నేల మీద కాంక్రీటు ఆధారం ఇవ్వండి.

రెండో సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తాను, కానీ ఇక్కడ అసలు శత్రువు బరువు కాదు, గాలి. గాలి వేగం సెకనుకు 40 మీటర్లయితే దాని పీడనం చదరపు మీటరుకు సుమారు 960 న్యూటన్లు. రెండు చివరలూ తెరిచి ఉన్న కప్పును అది అడుగునుంచి తోస్తూ, పైనుంచి లాగుతుంది. నికర గుణకం (ఆ పీడనంలో ఎంత వంతు కప్పును పైకి లేపుతుందో చెప్పే సంఖ్య) 1 అనుకున్నా, 72 చదరపు మీటర్ల కప్పు మీద దాదాపు 7 టన్నుల బలం పైకి పనిచేస్తుంది. ఖాళీ కంటైనర్ ఒక్కొక్కటి 3.8 టన్నుల వరకూ ఉంటుంది కదా, రెండూ కలిస్తే సరిపోతాయి అనిపించవచ్చు. సరిపోవు. కంటైనర్ బరువు దాని నడుమ, అంటే బయటి అంచు నుంచి 1.2 మీటర్ల దూరంలో పనిచేస్తే, కప్పు లాగే 7 టన్నుల్లో ఒక్కో కంటైనర్ వాటాకు వచ్చే 3.5 టన్నులు లోపలి అంచున, 2.4 మీటర్ల దూరంలో పనిచేస్తాయి. కప్పు సొంత బరువును తీసివేసినా కంటైనర్ బయటివైపుకు ఒరగడానికి ఆ లాగుడు చాలు. కాబట్టి లోపలివైపు కింది మూలలను కాంక్రీటు దిమ్మలకు బోల్టులతో బిగించక తప్పదు. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2.4 టన్నులు ఉంటుంది. దిమ్మ ఎంత ఉండాలో మీ ప్రాంతపు గాలి వేగంతో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క కట్టించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ద్వారాలను 1.8 మీటర్లకు తగ్గించి ట్రస్సుల మధ్యకు జరుపుతాను. దిమ్మల లెక్క ఇంజనీరుకే అప్పగిస్తాను. అయితే ట్రస్సు రెండు చివరలనూ వెల్డింగ్ చేయాలా?

మూడో సమాధానం:
వద్దండీ. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర పొడవు రంధ్రాల ప్లేటుతో బోల్టు చేయండి. 6 మీటర్ల ఉక్కు 40 డిగ్రీల వేడి తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఒక కంటైనర్ కింద నేల కాస్త కుంగినా ఆ సర్దుబాటు అతుకును కాపాడుతుంది. ఆ రంధ్రం పక్కకు జరగనిస్తుందే తప్ప పైకి లేవనివ్వదు కాబట్టి గాలికి భయం లేదు. ట్రస్సు అడుగు కడ్డీని మాత్రం ఎక్కడా తెంచకండి; అది లేకపోతే వాలు కప్పు రెండు కంటైనర్ల పైఅంచులనూ బయటికి నెడుతుంది. వెల్డింగ్ చేసేచోట పాత పెయింటును లోహం కనిపించేదాకా గీకండి, ఎందుకంటే ఆ పూత కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు ప్రమాదకరం.