ఒంటరిగా హైదరాబాద్ నుంచి బెంగళూరుకు కారులో: ఎక్కడెక్కడ ఆగాలి?

ప్రశ్న: ఆర్నెల్ల ప్రాజెక్టు మీద బెంగళూరు వెళ్తున్నాను. అద్దె గది కుదిరింది. శనివారం నేనొక్కదాన్నే పాత ఆల్టోలో బయల్దేరుతున్నా. వెనక సీట్లో పరుపు, కుక్కర్, అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ. ఇంత దూరం ఒక్కదాన్నే నడపడం ఇదే మొదలు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరమ్మా. 44వ జాతీయ రహదారి, దాదాపు 570 కిలోమీటర్లు. కర్నూలులో టిఫిన్, అనంతపురంలో భోజనం. నిద్ర వస్తే మాత్రం బండి ఆపెయ్, మొండికెయ్యకు.

మరో జవాబు: జాడీ మూతకి గుడ్డ బిగించి, సీటు కింద నిలబెట్టండి. నాది గుత్తి దగ్గర ఒరిగింది, నూనె పరుపులోకి ఇంకిపోయింది. బండి నంబరు వేరే రాష్ట్రానిదని దిగులొద్దు. బండి కర్ణాటకలో ఉండేది 12 నెలల్లోపు అయితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: జాడీని ముందు సీట్లో పెట్టి బెల్టు వేస్తా. చేరగానే ఇక్కడ రాస్తాను.