ఇంగ్లీషు నుడికారాలు బట్టీ పట్టాలా, వింటూ నేర్చుకోవాలా?

కొత్త కొలువు:
డిగ్రీ దాకా తెలుగు మాధ్యమమే. బెంగళూరు వచ్చి ఏడు నెలలు. మొన్న అమెరికా క్లయింటు ఫోనులో ‘బాల్‌పార్క్ ఫిగర్’ చెప్పమన్నాడు. ఏదో ఆటస్థలం లెక్క కాబోలనుకుని నోరు మెదపలేదు. సుమారు అంచనా చాలన్నాడట! గదిలో ఉండే మిత్రుడు ఐదు వందల నుడికారాల పుస్తకం తెచ్చిచ్చాడు. రోజుకు పది చొప్పున బట్టీ పట్టనా?

రింగురోడ్డు బాటసారి:
దండగ. నేనూ ఆ పని చేశాను. ఆ పుస్తకాల్లో పిల్లులూ కుక్కలూ వానై కురుస్తుంటాయి, అంటే కుండపోత వాన అని. ఐరిష్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1738 నాటి పుస్తకంలోనే ఉన్న మాట అది. వైట్‌ఫీల్డ్‌లో పన్నెండేళ్ల ఉద్యోగంలో ఒక్క క్లయింటు నోట వినలేదు. ‘టచ్ బేస్’ మాత్రం రోజూ వింటాను. ఒకసారి మాట్లాడుకుందామని దాని అర్థం.

మాజీ పంతులమ్మ:
వింటే చాలదండీ. మీరిద్దరూ చెప్పిన ‘బాల్‌పార్క్’, ‘టచ్ బేస్’ రెండూ బేస్‌బాల్ నుంచి వచ్చాయి. మనం ఆడని ఆట, అందుకే ఎంత విన్నా మనసుకు పట్టదు. అదే ‘స్టిక్కీ వికెట్’ అనండి. తడిసి ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగు ఎంత కష్టమో మన పిల్లలకు తెలుసు కనుక ‘చిక్కులో పడ్డాడు’ అని ఇట్టే తడుతుంది. పుట్టుక తెలిస్తే మాట నిలుస్తుంది. ఇంకొకటి. ఫలానా విషయం ‘టేబుల్’ చేద్దామని లండన్ వారంటే చర్చకు పెడదామని, అమెరికా వారంటే పక్కన పెడదామని. ఇది ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

రింగురోడ్డు బాటసారి:
టేబుల్ సంగతి ఒప్పుకున్నాను. నాకూ తెలియదు! కానీ అర్థం తెలిసినంత మాత్రాన వాడడం రాదు. మా బృందంలో ఒకాయన క్లయింటు తండ్రి పోతే సంతాప సందేశంలో ‘కిక్ ద బకెట్’ అని రాశాడు. పుస్తకంలో ‘మరణించు’ అని ఉందట. పోయిన పెద్దాయన ఇంటికి వెళ్లి బాల్చీ తన్నేశారని అంటామా?

కొత్త కొలువు:
అయ్యో. మరి మనవి వాళ్లకు చెప్పవచ్చా? పక్క సీటు కన్నడ మిత్రుడితో ‘నా తల తినకు’ అని ఇంగ్లీషులో అన్నా తెలిసిపోతుంది. వాళ్లకూ ‘తలె తిన్నబేడ’ ఉంది కదా.

మాజీ పంతులమ్మ:
క్లయింటుతో మాత్రం అనకండి నాయనా, భయపడతాడు. ఆయన మాట అర్థం కాకపోతే అక్కడే అడగండి. పుస్తకం ఉంచుకోండి, విన్న మాట వెతుక్కోవడానికి.

కొత్త కొలువు:
సరేనండీ. ఇవాళ ‘లో హ్యాంగింగ్ ఫ్రూట్’ విన్నాను. చేతికందే పండు, అంటే తేలికగా అయ్యే పని. దాన్ని కోయమని నాకే అప్పగించారు. మూడు రోజులైంది, ఇంకా అందలేదు.