పర్లాకిమిడిలో విశాఖ కేంద్రం: ఇంట్లో మోత, పెరట్లో శుభ్రం

మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నగారికి 78 ఏళ్లు. పొద్దున్నే ఆకాశవాణి విశాఖపట్నం, మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్, వినకపోతే ఆయనకు తెల్లారినట్టుండదు. రెండు నెలలుగా ఆరు నుంచి ఎనిమిదింటి దాకా పాట మీద ఒకటే గుయ్‌మనే మోత.

కొత్త బ్యాటరీలు వేశాను, రేడియోని నాలుగు దిక్కులా తిప్పాను. మా అబ్బాయి బ్లూటూత్ స్పీకర్ ఛార్జర్ తీస్తే సగం తగ్గింది (వాడి పాటలు ఆయనకు గోల, ఆయనవి వాడికి జోల). మెయిన్ ఆపినా మిగతా సగం పోలేదు. పెరట్లో అరుగు మీద మాత్రం శుభ్రంగా వస్తోంది, కానీ మోకాళ్ల నొప్పులతో ఆయన అక్కడ కూర్చోలేరు. ఫోన్ యాప్‌లో పెట్టిస్తే "బొత్తాం తిప్పితేనే రేడియో" అన్నారు. నాకూ ఆ మాటే సబబనిపించింది.

పెరట్లోంచి వైరు లాగి రేడియో చుట్టూ చుడితే మోత తగ్గుతుందా, తగ్గితే ఎన్ని చుట్లు వేయాలి?