స్కైరిమ్ బల్ల: పైభాగం మళ్లీ అదే చోట పగిలింది, మంచి జిగురు ఏదో చెప్పండి

కొయ్యగుర్రం:
పొద్దున్నుంచి దీనితోనే కుస్తీ. ఇప్పుడు రాత్రి పదకొండయింది. స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో డ్రాగన్స్‌రీచ్ కోట లోపల నిప్పుల గుంటకి రెండు పక్కలా పొడుగాటి బల్లలు ఉంటాయి కదా, అలాంటిది ఇంట్లో చేసుకుందామని మూడు నెలలుగా సెలవు రోజులన్నీ దీనికే పెట్టాను. పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 90. ఐదు పలకలు అంచుకి అంచు అతికించి పైభాగం చేశాను. చేసినప్పుడు అద్దంలా ఉంది. నెల తిరిగేసరికి మధ్యలో చీలిక. జిగురు పోసి క్లాంపులు బిగించాను. పది రోజులకి మళ్లీ అక్కడే. నిన్న జిగురు మార్చి ఇంకోసారి అతికించాను. ఇవాళ సాయంత్రం క్లాంపులు విప్పగానే టప్‌మని విడిపోయింది. ఇంతకంటే గట్టి జిగురు ఏదో చెప్పండి చాలు.

చేవ:
ఏం చెక్క?

ఎర్రరంపం:
ఎపాక్సీ పోసెయ్ బ్రో, రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు. అది పట్టుకుంటే ఇక ఊడదు. నేను నా కత్తి స్టాండుకి అదే వాడాను, రెండేళ్లయినా చెక్కు చెదరలేదు.

పాతపనివాడు:
జిగురు సంగతి తర్వాత చూద్దాం. కొయ్యగుర్రం గారూ, పూతకి ఏం వాడారు? ఆ పాతకాలపు రంగు రావాలని చాలామంది అవిసె నూనె పూస్తారు. మీరూ అదే పూసి ఉంటే తుడిచిన గుడ్డలు ఎక్కడ పడేశారు? ఈ మాట ఎవరూ ముందు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. అవిసె నూనె నీళ్లలాగా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డని ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. లోపలే పెరిగి పెరిగి గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది, అగ్గిపుల్ల అక్కర్లేదు. నా షెడ్డులో ఒక రాత్రి బకెట్‌లోంచి పొగ రావడం నా కళ్లతో చూశాను. గుడ్డలు ఒక్కొక్కటీ విప్పి, బయట పరిచి, పూర్తిగా గట్టిపడ్డాక పారేయండి. లేదంటే నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

కొయ్యగుర్రం:
అండీ, నా సమస్య పగులు. గుడ్డలు కాదు.
చెక్క టేకు. బాగా ఆరిందే కొన్నాను.

మూలమట్టం:
ముందు ఒక మాట తేలాలి. చీలిక అన్నారు, పగులు అన్నారు, విడిపోయింది అన్నారు. మూడూ ఒకటి కాదు. రెండు పలకల మధ్య అతుకు తెరుచుకుంటే అది అతుకు విడిపోవడం. పలక ఒళ్లే నార వెంబడి, అంటే చెక్కలోని పొడుగాటి పోగుల వెంబడి తెరుచుకుంటే అది చీలిక. మొదటిదైతే జిగురునో, అంచుని చిత్రికతో సాపు చేసిన తీరునో అనుమానించాలి. రెండోదైతే చెక్కని ఏదో పట్టి లాగుతోంది. మీది ఏది?

ఎర్రరంపం:
పేర్లతో ఏం పని? ఎలా పిలిచినా పగిలింది పగిలిందే. అతికించడమేగా కావాల్సింది.

మూలమట్టం:
పని ఉంది. అతుకు విడిపోతే మళ్లీ అతికించవచ్చు. చెక్కే చీలితే నువ్వు చెప్పిన ఎపాక్సీ ఆ గీత దగ్గర నిలుస్తుంది, పక్కన రెండంగుళాల దూరంలో కొత్త గీత పడుతుంది. తేడా తెలియకుండా మందు చెప్పకూడదు.

చేవ:
కింది వైపు ఫోటో పెట్టు.

కొయ్యగుర్రం:
ఫోటోలో చూడ్డానికి ఏమీ లేదు అన్నా. కింద రెండు అడ్డబద్దలు ఉన్నాయి, జిగురు పెట్టి స్క్రూలు బిగించాను. పైన మూడు ఇనుప పట్టీలు. ఆటలో పెట్టెల మీద ఉంటాయి కదా, ఆ పట్టీలు నాకు చాలా ఇష్టం, అందుకే బల్లకీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేశాను. ఒక్కో పట్టీకి 12 స్క్రూలు. అవన్నీ రాయిలా ఉన్నాయి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. పగులు మాత్రం మధ్య పలకలో మొదలై పక్క అతుకులోకి వెళ్లింది.

చేవ:
ఇబ్బంది అవే. పట్టీలు తీసెయ్.

కొయ్యగుర్రం:
తీసేస్తే ఇక అది మామూలు బల్ల అవుతుంది. ఆ పట్టీల కోసమే కదా ఇంత కష్టపడింది. పైగా అవి పలకల్ని కలిపి పట్టుకుంటాయి అనుకున్నాను.

చిత్రిక:
తమ్ముడూ, కొంచెం ఓపిగ్గా చదువు. చెక్క నార పొడవునా దాదాపు కదలదు. నారకు అడ్డంగా మాత్రం గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. నీ బల్ల వెడల్పు 900 మిల్లీమీటర్లు. టేకు పలకలు దుంగని పొడవునా పొరలుగా కోసినవైతే, చెక్కలో తేమ 4 శాతం మారితే వెడల్పు ఇంచుమించు 7 మిల్లీమీటర్లు మారుతుంది. టేకు అంటే తక్కువ కదిలే చెక్క, అయినా ఇంత. ఇప్పుడు ఇనుప పట్టీ కుంచించుకోదు. అడ్డబద్దకి నార దాని పొడవునా ఉంది కాబట్టి అదీ కదలదు. పైపలకలు లోపలికి రావాలని చూస్తుంటే మూడు పట్టీలు, రెండు బద్దలు చెరో అంచునీ పట్టుకుని రానివ్వడం లేదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెరుచుకోవాల్సిందే.

అతికించినా ఎందుకు నిలవట్లేదంటే, ఒకటి, ఆ లాగుడు ఇంకా అలాగే ఉంది. రెండు, గట్టిపడిన తెల్ల జిగురు మీద కొత్త జిగురు సరిగా పట్టదు. చీలికలో పాత జిగురు పొర ఉండగా ఎంత మంచి జిగురు పోసినా దండగ. మూడు, టేకులో సహజంగా నూనె ఉంటుంది. అంచుని కొత్తగా చిత్రిక పట్టి, నూనెని కరిగించే అసిటోన్‌తో తుడిచి, వెంటనే అతికించాలి.

ఎర్రరంపం:
బాగా ఆరిన చెక్క కదలదు కదా? ఆరింది అంటున్నాడు.

చిత్రిక:
ఆరిన చెక్క కూడా కదులుతుంది. ఆరబెట్టడం వల్ల పచ్చిచెక్కలోని మొదటి పెద్ద సంకోచం అయిపోతుంది, అంతే. ఆ తర్వాత చుట్టూ ఉన్న గాలిని బట్టి బతికినన్నాళ్లూ కొంచెం ఉబ్బుతూ తగ్గుతూనే ఉంటుంది. పూత కూడా దాన్ని ఆపదు, నెమ్మదింపజేస్తుంది. కొయ్యగుర్రం, బల్ల ఏసీ గదిలో ఉందా? పూత అడుగు వైపు కూడా వేశావా?

కొయ్యగుర్రం:
ఏసీ గదే. షెడ్డులో చేసి లోపలికి తెచ్చాను. పూత పైనే వేశాను, అడుగు ఎవరు చూస్తారని వదిలేశాను. అంచులు కొంచెం పైకి లేచి మెలిక తిరిగినట్టు కూడా ఉంది, అది చెప్పడం మర్చిపోయాను.

మూలమట్టం:
మెలిక కాదు అది. మెలిక అంటే నాలుగు మూలల్లో ఒకటి పైకి లేవడం. వెడల్పులో రెండంచులూ లేస్తే డొప్పగా వంగింది అంటారు.

చిత్రిక:
అవును, డొప్పే. దానికీ కారణం తేమే. రెండు వైపులా పూత ఒకేలా పడాలి.

పట్టీలు ఉంచుకోవచ్చు, బెంగపడకు. ప్రతి పట్టీకి సరిగ్గా మధ్యలో ఒక్క స్క్రూ మాత్రం గుండ్రటి రంధ్రంలో గట్టిగా బిగించు. మిగతా రంధ్రాలన్నీ పట్టీ పొడవునా సాగేలా రాపిడి చెయ్. 5 మిల్లీమీటర్ల స్క్రూకి చివరి రంధ్రం 12 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి, మధ్యకి వచ్చేకొద్దీ చిన్నది చాలు. వెడల్పు తల ఉన్న స్క్రూ వేస్తే సాగదీసిన రంధ్రం కనిపించదు, ఆటలోలా పెద్ద మేకుతలల్లా కూడా ఉంటుంది. మరీ బిగించకు, జారనివ్వాలి. అడ్డబద్దలకీ ఇదే పద్ధతి, జిగురు అసలు వద్దు. చీలిన చోట రంపంతో నిలువునా కోసి, రెండంచులూ చిత్రిక పట్టి, కొత్తగా అతికించు. ఆ కోతకి వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, పట్టీల చివర్లు సరిచూసుకో.

హార్త్‌ఫైర్‌అభిమాని:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 2012లో స్కైరిమ్‌కి అదనపు భాగంగా వచ్చిన హార్త్‌ఫైర్‌లో ఇల్లు కట్టేటప్పుడు సామాన్లకి కోసిన దుంగలు, మేకులు, ఇనుప బిగింపులు అడుగుతుంది, జిగురు అడగదు. ఒక ఇనుప కడ్డీకి పది మేకులు వస్తాయి. నిజంగా కూడా మేకులతో కొట్టిన పాత పెట్టెలు వందల ఏళ్లు నిలిచాయి అంటారు కదా, మేకు కొంచెం వంగుతుంది కాబట్టేనా? నేను ఆ పెట్టె చేద్దామనుకుంటున్నాను, గుండ్రటి మూతది. మూత పలకలకి కూడా పట్టీ ఇలాగే వెయ్యాలా?

చిత్రిక:
సన్న మేకు వంగుతుంది, కొంత కదలిక ఓర్చుకుంటుంది, నిజమే. గుండ్రటి మూత వేరే సంగతి. సన్న బద్దలతో చేస్తారు, ఒక్కో బద్ద కదలిక చిన్నది.

మూలమట్టం:
బద్ద అంటే ఇక్కడ అడ్డబద్దా, మూత బద్దా? రెంటికీ ఒకే పేరు వాడితే కొత్తవాళ్లకి అయోమయం.

ఎర్రరంపం:
ఎపాక్సీ అయితే అంచులు చిత్రిక పట్టే పని లేదు.

చేవ:
ఉంది.

కొయ్యగుర్రం:
ఇప్పుడే వచ్చాను. పట్టీల స్క్రూలు మధ్యవి ఉంచి మిగతావి విప్పుతుంటే ఆరో దాని దగ్గర చెక్క కిర్రుమంది, చీలిక కళ్లముందే సగం మూసుకుంది. జిగురు మీద పడి ఏడుస్తున్నాను ఇన్నాళ్లూ. బద్దల జిగురు ఊడట్లేదు, రేపు ఉలితో చూస్తాను. థాంక్స్ అన్నా.

పాతపనివాడు:
సంతోషం. ఆ గుడ్డలు ఎక్కడున్నాయో మాత్రం ఇంకా చెప్పలేదు.